ఎర్ర కవరులో తాతయ్య

ఈ మధ్య ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లిస్తే గ్లాసును వెలుగుకెత్తి చూసి మరీ తాగుతున్నారు. చెరువు నీళ్లు వడగట్టుకుని తాగిన మన తరం ఇంకా బతికే ఉండటం వాళ్లకు సాక్ష్యంగా ఆనడం లేదు. మొన్న పాత గ్రామఫోను రికార్డులు కొంటానంటూ వచ్చిన కుర్రాడూ అంతే. మా మావయ్య దాచిన ఎర్ర కవరు చూసి పొంగిపోయి, లోపలి ప్లేటు మీద భూతద్దం పెట్టి, మెల్లగా మొహం ముడుచుకున్నాడు. కవరు మొదటి అచ్చుదట, ప్లేటు తరవాతి అచ్చుదట. నేను మోసగాణ్ణన్న సంగతి నాకంటే ముందు అతనికే తెలిసిపోయింది. "పోనీ కవరొక్కటీ ఇచ్చేస్తారా సార్, దానికీ మంచి రేటుంది" అన్నాడు.

ఆ కవరు సంగతి అరవైల చివర్లోది. కాలేజీ చదువుకని నేను విజయనగరంలో మావయ్య ఇంట్లో ఉండేవాణ్ణి. మా తాతయ్య అప్పటికే పోయాడు. క్లారినెట్ వాయించే ఆయన తన జన్మలో ఒక్కటే రికార్డు ఇచ్చాడు. పాట ముగిశాక, ఇంకా యంత్రం తిరుగుతోందని తెలియక, "అయిపోనాదేటి బాబూ?" అని అడిగిన మాట కూడా అందులో పడిపోయింది. కంపెనీవాళ్లు తరవాత ఆయన చేత మళ్లీ వాయింపించి, ఆ మాట లేకుండా అచ్చు వేశారు. మా ఇంట్లో రెండూ ఉండేవి. తెల్ల కవరులోది ఊళ్లో ప్రతి పెళ్లికీ మైకుసెట్టు వాడితో వెళ్లొచ్చేది. ఎర్ర కవరులోది, ముల్లు గీసి అరిగిపోతుందని, అమ్మమ్మకు కూడా నెలకొక్కసారే వినిపించేవాడు మావయ్య. పాట మీద ఆవిడకు పెద్ద ధ్యాస ఉండేది కాదు, చివరి మాట కోసమే కూర్చునేది.

శ్రీకాకుళం నుంచి ఒక ప్లీడరుగారు ఆ మొదటి అచ్చు కోసం తిరగడం మొదలుపెట్టాక మావయ్యకు నిద్ర కరువైంది. ఆయన చెప్పులు విడిచే తీరులోనే దొంగతనం కనిపించేదట. చివరికి ఎవరికీ చెప్పకుండా రెండు ప్లేట్లనూ కవర్లు మార్చి పెట్టి, నిశ్చింతగా నరసన్నపేట పనిమీద వెళ్లాడు.

మర్నాడే మైకుసెట్టు వాడొచ్చాడు. "పెద్దాయన కలారినెట్టు పడితేగాని తాళి కట్టనియ్యనని పెళ్లికూతురు తాత గోల సేస్తన్నాడమ్మా" అన్నాడు. అమ్మమ్మ మురిసిపోయి, ఎప్పటిలాగే తెల్ల కవరు అందించింది. నెల్లిమర్ల పందిట్లో ఎండలో మరిచిపోయిన ప్లేటు అప్పడంలా వంగి తిరిగొచ్చింది. వాడు ఏడుపు మొహం పెడితే, "పోన్లేరా, పెళ్లిళ్ల పలకే కదేటి" అని ఓదార్చి మజ్జిగిచ్చి పంపింది కూడా. ఊరినుంచి వచ్చిన మావయ్య దాన్ని చూసి, ఆ పూట అన్నం వద్దన్నాడు. కారణం చెప్పలేదు.

ఇప్పుడు పోయినవాళ్ల గొంతులు ఫోనులో ఎన్నిసార్లు విన్నా అరగవు, ఎవరూ ఎత్తుకుపోరు. అందుకేనేమో, ఒక్క మాట కోసం నెల్లాళ్లు ఎదురుచూసే మనిషినీ నేను మళ్లీ చూడలేదు.

ఆ నెల గ్రామఫోను పెట్టె ముందు అమ్మమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది. పాట అయిపోయింది. ముల్లు గరగరమని తిరుగుతూనే ఉంది. ఆవిడ ఇంకా వంగి వింటూంటే చూడలేక, మావయ్య పెట్టె ఆపి, కవర్లు మార్చిన సంగతి చెప్పాడు. ప్లీడరు మీద అనుమానంతో చేశానన్నాడు.

అమ్మమ్మ తలెత్తింది.

"దొంగలెవులూ రానేదురా. మీ అయ్యని నువ్వే సాగనంపీసినావు."