దేవుని డబ్బా దారి మళ్లిన సంగతి

మొన్న మా అమ్మాయి బియ్యం కడగబోతుంటే నా చెయ్యి నన్నడక్కుండానే గిన్నెలోకి పోయి ఒక గుప్పెడు వెనక్కి తీసింది. "ఏందమ్మా, ఎక్కువైందా?" అంది తను. ఎక్కువ కాలేదు, నా అలవాటు చావలేదు. ఆ గుప్పెడు ఎక్కడ పోయాలో తెలియక కాసేపు వంటింట్లో అలాగే నిలబడిపోయాను. ఇప్పుడు మా ఇంట్లో దేవుని డబ్బా లేదు. ఆ డబ్బా సంగతి చెప్పాలంటే మా అత్తమ్మ సంగతి చెప్పాలి. నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినమని మా ఆయన అందరినీ ముందే హెచ్చరిస్తుంటాడు. తీసేయండి. ఆ మిగిలిన సగంలో కూడా ఆమె నిండుగానే ఉంటుంది.

ఎనభైల మొదట్లో నేను కోడలిగా పట్నంలోని జహనుమా గల్లీలో అడుగుపెట్టేనాటికి అత్తమ్మకు చర్చిలో ఏ పదవీ లేదు. సంఘ పెద్ద కాదు, స్త్రీల సమాజంలో సభ్యురాలు మాత్రమే. చదువు రాదు కాబట్టి పాటల పుస్తకాన్ని చాలాసార్లు తలకిందులుగా పట్టుకునేది, పాట మాత్రం అందరికంటే ముందే అందుకునేది. అయినా గల్లీలో ఎవరికి పురిటి నొప్పులొచ్చినా, ఎవరి మొగుడు అలిగి పోయినా, నల్లా దగ్గర ఎవరి బిందె ఎవరు పక్కకు జరిపినా ఆ సంగతి మా గుమ్మంలోనే తేలేది. గౌలిపుర నుంచి పాలు పోసే భాయ్ ఒకసారి తన బర్రె మేత ముట్టడం లేదని, ప్రార్థన చేయించడానికి దాన్ని ఏకంగా ఇంటి ముందుకే తోలుకొచ్చాడు. అత్తమ్మ బర్రె నెత్తిన చెయ్యి పెట్టి నిమిషం సేపు ప్రార్థించింది. తర్వాత దాని నోట్లో చెయ్యి పెట్టి, దవడలో ఇరుక్కున్న సైకిల్ ట్యూబు ముక్కను బయటికి లాగింది. బర్రె ఆమెన్ అన్నదని నేను చెప్తుంటాను. కావాలంటే ఇది తీసేయండి.

మా క్రైస్తవుల ఇళ్లల్లో అన్నం వండే ప్రతిసారీ గుప్పెడు బియ్యం పక్కకు తీసి ఒక రేకు డబ్బాలో వేసేవాళ్లం. అదే దేవుని డబ్బా. ఆదివారం ఆ బియ్యాన్ని సంచిలో పోసుకొని చర్చికి పట్టుకుపోతే, అందరిదీ కలిపి వేలం వేసేవారు. ఆ ఏడు ఆ బియ్యం డబ్బుతో చర్చి ముందు ఇనుప గేటు లేవబోతోంది. గేటు మీద కమిటీ వాళ్ల పేర్లు కూడా ఇనుప అక్షరాలతోనే పెట్టించాలని తీర్మానమైంది. ఇవేవీ నాకు తెలియవు. మా పుట్టింటి ఊళ్లో చర్చికి కప్పే సరిగా లేదు, ఇక గేటెక్కడిది? అక్కడ దేవుని డబ్బా అంటే ఆకలితో గుమ్మంలోకి వచ్చినవాళ్లది.

అందుకే ఆ శనివారం తప్పు చేశాను. మా మూడిళ్ల అవతల ఒకామె ఉండేది. మా చర్చిలో పెరిగిన పిల్లే. క్రైస్తవుడు కాని గౌలిపుర పాలవాళ్ల అబ్బాయిని పెళ్లి చేసుకుందని సభ్యుల పుస్తకంలో ఆమె పేరు కొట్టేశారు. భర్త బేగంబజార్‌లో హమాలీ. వారం కిందటే బస్తాల వరుస అతని మీద కూలి, కాలు విరిగి మంచాన పడ్డాడు. ఆమె అగ్గిపెట్టె అడగడానికి వచ్చింది. ఇచ్చి, పొయ్యి మీద ఏం పెడుతున్నావని మాట వరసకు అడిగాను. "నీళ్లు అక్కా. పిల్లలు జూస్తుండ్రు గదా, పొయ్యన్న మండాలె" అంది. డబ్బా మొత్తం ఆమె కొంగులో ఒంపేశాను.

అత్తమ్మ వచ్చి డబ్బా మూత తీసింది. "దేవుని బియ్యమేడ పాయె పిల్లా?" అంది. చెప్పాను. ఆమె డబ్బాను బోర్లించి, అడుగు మీద వేళ్లతో రెండు దెబ్బలు కొట్టింది. "మరి ఆయనకు అందినట్టే గదా" అంది చివరికి. అక్కడితో ఆగిందా? సాయంత్రంలోగా గల్లీలో మా వాళ్ల గడపలన్నీ తొక్కొచ్చింది. "వాని కాలు అతికేదాంక మన సంచులు గా ఇంటికే పోవాలె" అని చెప్పింది. పోయాయి.

వరసగా మూడు ఆదివారాలు మా గల్లీ నుంచి గింజ రాకపోయేసరికి కమిటీ సెక్రటరీగారు ఇంటికొచ్చారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు, మర్యాదస్తుడు. కోపంలో కూడా 'అండి' మానేవారు కాదు.

"చూడండమ్మా, అది సంఘం బియ్యం. ఆ అమ్మాయి పేరు మన పుస్తకంలోనే లేదు. ఇంతమందిని ఆపడానికి మీకేం అధికారం ఉందండీ?"

"అధికారం నాకేడిది సారూ? రెండు కాళ్లున్నయ్, ఇంటింటికి వోయిన."

"అసలు మొదట ఆ బియ్యం ఇచ్చిందెవరు?"

నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను. "నేనే" అంది అత్తమ్మ, రెప్ప కొట్టకుండా. వచ్చే ఆదివారం అందరి ముందు తప్పు ఒప్పుకోవాలని, లేదంటే మూడు నెలలు ప్రభు బల్ల దగ్గరికి రానిచ్చేది లేదని చెప్పి సెక్రటరీగారు వెళ్లిపోయారు.

చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ఆ ప్రభు బల్ల అంటే ఆమెకు ప్రాణం. నెలకొకసారి దొరికే ఆ రొట్టె ముక్క కోసం ముందురోజు నుంచే ఉపవాసం ఉండి, తెల్లచీరకు తానే నీలిమందు పెట్టుకునేది. నేను ఏడుస్తూ నిజం చెప్పేస్తానన్నాను. "నోర్ముయ్" అంది. "నాకు రొట్టె దొరకకుంటే మూడు నెలలు ఏడుస్త. గా పిల్లలకు బువ్వ దొరకకుంటే మూడు నెలలు బతుకరు. గింతదానికి కమిటీ ఎందుకే?"

ఆదివారం పిలవగానే ముందుకు పోయి నిలబడింది. "తప్పైంది, ఒప్పుకుంటున్న" అంది. సెక్రటరీగారి ముఖం విప్పారింది. "గా పిల్ల పేరు కొట్టేసిన్నాడే పోయి దాని గడపల కూసుండాల్సింది. గిన్నేండ్లు ఆలస్యం జేసిన. మాఫ్ జేయుండ్రి." ఎవరో కిసుక్కున నవ్వారు. సెక్రటరీగారు వెనక బెంచీ వైపు వేలు చూపారు. శిక్షపడ్డవాళ్లు కూర్చునే బెంచీ అది. అత్తమ్మ కొంగు సర్దుకొని పెళ్లిపీట మీదికి పోతున్నట్టే పోయి కూర్చుంది.

పాస్టరు అయ్యగారు రొట్టె పళ్లెం ఎత్తి జనాన్ని రమ్మన్నారు. నేను లేచాను. ఇచ్చింది నేనని అరుద్దామంటే గొంతు రాలేదు. కాళ్లు వచ్చాయి. వెనక్కి నడిచి అత్తమ్మ పక్కన కూర్చున్నాను. నా వెనకే మా గల్లీ ఆడవాళ్లు లేచి వచ్చారు. చెప్పేటప్పుడు ఇరవైమంది అంటాను, నిజానికి ఏడుగురు. "ఏంది మీ లొల్లి? పోయి తీసుకోండ్రి!" అని అత్తమ్మ గుసగుసగా తిట్టింది. ఎవరూ కదల్లేదు. కుర్ర అయ్యగారు పళ్లెం పట్టుకొని మమ్మల్ని చూశారు, సెక్రటరీగారిని చూశారు. అయ్యగారు పళ్లెంతో మా దగ్గరికి నడిచొచ్చారని చెప్పడం నాకెంతసేపు? కానీ రాలేదు. ఇది తీసేయాల్సిన సగంలోది కాదు. మర్నాడు మాత్రం చిన్న సంచితో ఇంటికొచ్చారు. "మా ఇంటి డబ్బాది అమ్మా. ఎటు పోవాలో మీకే తెలుసు" అని తల దించుకున్నారు. అత్తమ్మ ఆయనకు అన్నం పెట్టింది.

మూడు నెలలకు హమాలీ కర్ర సాయంతో లేచి తిరిగాడు. సెక్రటరీగారు మళ్లీ వచ్చారు. స్త్రీల సమాజానికి అధ్యక్షురాలిగా ఉంటే ఇవన్నీ పద్ధతి ప్రకారం చేయొచ్చు కదండీ అన్నారు. "కుర్చీల కూసోబెడితే లేవనియ్యరు సారూ. నాకు తిరిగే పనుంది" అని ఆయన చేతిలో చాయ్ పెట్టింది. ఆ ఆదివారం ప్రభు బల్ల దగ్గర అందరికంటే ముందు నిలబడింది, ఎవరికీ ఏమీ బాకీ లేనట్టు.

సెక్రటరీగారు ఎన్నేళ్లు పదవిలో ఉన్నారో నాకిప్పుడు గుర్తులేదు. నా బదులు మా అత్తమ్మ వెనక బెంచీలో కూర్చున్నది మూడు నెలలే. ఆ మూడు నెలలు నాకింకా అయిపోలేదు.