చివరి అక్షరం నుంచి

నా చిన్నప్పుడు మా నాయనమ్మ రోజూ పొద్దున్నే నా ఎడమ చేతికి గుడ్డపీలిక చుట్టి ముడి వేసేది. నాది పుర్రచేతి వాటం. అన్నం ఆ చేత్తోనే కలపబోయేదాన్ని, బలపం ఆ చేత్తోనే పట్టేదాన్ని. ఆడపిల్ల రేపు పదిమందికి ఎడం చేత్తో వడ్డిస్తే ఏం బాగుంటుందని ఆవిడ బాధ. నాయనమ్మ చెడ్డది కాదు. ముడి బిగుసుకుపోకుండా లోపల వేలు పెట్టి చూసేది. కానీ కుడి చేత్తో నేను గీసే గీతలన్నీ వానపాముల్లా ఉండేవి. నాకు బొమ్మలు రావని బళ్ళో అందరూ అనేవారు. కొన్నాళ్ళకు నేనూ అలాగే అనుకున్నాను.

అప్పుడు మేం మండపేటలో, రైసుమిల్లుల వెనక వీధిలో ఉండేవాళ్ళం. ఇంకా ఫ్లెక్సీలు రాని రోజులు. ఏ మిల్లు గోడ మీద పేరు చూసినా, ఏ లారీ వెనక నెమలిని చూసినా అది మా ఎదురింటి తాతగారి చేతి పనే. ఊరంతా ఆయన్ని ఆర్టిస్టుగారు అనేది. ఆయన నిచ్చెన మీద నిలబడి ఊపిరి బిగబట్టి సున్నా చుడితే, కంపాసు పెట్టినా అంత గుండ్రంగా రాదనేవారు మా నాన్నగారు.

నేను మూడో తరగతిలో ఉండగా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది. కొన్ని నెలలకు కర్ర సాయంతో నడిచారు కానీ, ఆ చెయ్యి మాత్రం లేవలేదు. డబ్బాల్లో రంగులు గడ్డకట్టాయి. పని చెప్పడానికి వచ్చినవాళ్ళను ఆయన భార్య, మేమంతా మామ్మగారు అని పిలిచే ఆవిడ, గుమ్మంలోంచే పంపించేసేవారు. ఆయన అరుగు మీద కుర్చీలో కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండేవారు. ఏం చూస్తున్నారో అని నేనూ అటే చూసేదాన్ని. నాకేమీ కనబడేది కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తుంటే, పళ్ళతో ముడి విప్పుకుని వాళ్ళ అరుగు మీద సుద్దముక్కతో నా పేరు రాస్తున్నాను. వెనక నుంచి ఆర్టిస్టుగారి గొంతు వినిపించింది. మాట ఇంకా ముద్దగానే ఉండేది ఆయనకు.

"ఏంటమ్మా, చివరి అక్షరం ముందు రాస్తున్నావేంటి?"

భయపడి చెయ్యి వెనక్కి దాచుకున్నాను. ఆయన కోప్పడలేదు, మళ్ళీ అడిగారు. మొదటి నుంచి రాస్తే నా చెయ్యే రాసినదాన్ని తుడిచేస్తుందని, అందుకే చివరి నుంచి వస్తానని చెప్పాను. ఆయన చాలాసేపు నా చేతినే చూశారు.

"నలభై ఏళ్ళు బోర్డులు రాశాను. ఈ సంగతి నాకు తట్టలేదే!"

కర్ర పక్కన పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా నా పక్కన కూలబడ్డారు. ఎడం చేత్తో సుద్దముక్క తీసుకుని, "నాకు నేర్పుతావా అమ్మా?" అన్నారు.

నేర్పడమంటే ఏమిటో నాకు తెలియదు. నాయనమ్మ కునుకు తీసినప్పుడల్లా వెళ్ళి, ఆవిడ లేచేలోగా గుడ్డ మళ్ళీ చుట్టుకునేదాన్ని. ఆయన అడిగినదానికి జవాబు చెప్పడమే నేర్పడం అయింది. సున్నా ఎటు నుంచి మొదలుపెడతావు? మణికట్టు తిప్పుతావా, మోచెయ్యా? తలకట్టు కిందికి లాగుతావా, పైకి తోస్తావా? అవేవీ నేనెప్పుడూ గమనించలేదు. ఆయన అడిగాక నా చేతిని నేనే వింతగా చూసుకున్నాను. మొదటి వారం ఆయన గీతలు నా కుడిచేతి గీతల కన్నా అధ్వానంగా వచ్చాయి. పకపకా నవ్వేశాను. ఆయనా నవ్వారు. లోపలి నుంచి మామ్మగారు గబగబా వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. ఆయన నవ్వు విని ఎన్నాళ్ళయిందో ఆవిడకు.

వానలు మొదలయ్యే వేళకు ఆయన ఒక చిన్న కిరాణా కొట్టు బోర్డు ఒప్పుకున్నారు. చివరి అక్షరం నుంచి మొదలుపెట్టి మూడు రోజుల్లో పూర్తి చేశారు. మునుపటి నునుపు లేదు. అక్షరాలు కాస్త ఎడమకు ఒరిగి, ఎటో నడిచిపోతున్నట్టున్నాయి. "పాతవి ఇక రావమ్మా," అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ. తడి ఆరని అక్షరాల వైపు చూసి, "ఇవి ఎలా వస్తాయో చూడాలి," అన్నారు.

ఆ సాయంత్రం మామ్మగారి భుజం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. నాయనమ్మ కంగారుగా కుర్చీ వేసింది. ఆయన జేబులోంచి సన్నకుంచె ఒకటి తీసి నాకు అందించారు.

"ఎడం చేత్తో ఇస్తున్నాను, ఏమీ అనుకోకండి అక్కయ్యగారూ. నాకిప్పుడు ఇదే చెయ్యి. దీనికి పని నేర్పింది మీ మనవరాలేనండి."

నేను గుడ్డ కట్టిన చెయ్యే ముందుకు చాపి, గుర్తొచ్చి ఆగిపోయాను. నాయనమ్మ నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని ముడి విప్పింది.

"తీసుకో," అంది. "అన్నం మాత్రం కుడి చేత్తోనే తినాలి, చెబుతున్నాను."

ఆర్టిస్టుగారు ఆ తర్వాత ఆరేళ్ళు బోర్డులు రాశారు. పెద్దయ్యాక నేను బొమ్మలనే బతుకుతెరువు చేసుకున్నాను. మావారు పోయాక ఏడాది పాటు ఏమీ వేయలేకపోయాను. కాగితం ముందు కూర్చుంటే చెయ్యి బరువెక్కేది. ఒకరోజు పై వాటాలో ఉండే చిన్నపిల్ల మెట్ల మీద కూర్చుని ఏనుగు బొమ్మ వేస్తోంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టావని అడిగాను. "కంటి నుంచి ఆంటీ. లేకపోతే దానికి ఏమీ కనబడదు కదా!" అంది. నాకు ఎన్నడూ తోచని మాట. ఒక కాగితం అడిగి తీసుకుని ఆ పిల్ల పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. మావారు లేని వెలితి అలాగే ఉంది. అయినా ఆ పూట నాకు ఒక ఏనుగు వచ్చింది. లేచేటప్పుడు ఆ పిల్లకు రెండు చేతులూ జోడించి దణ్ణం పెడితే, ఎందుకో తెలియక తనూ నాకు పెట్టింది.