వాష్‌బేసిన్ పక్కన స్విచ్

డెబ్బైల్లో పటాన్‌చెరు ఫ్యాక్టరీలో కరెంటు కొట్టి పదడుగుల దూరం విసిరేసినా, దులుపుకుని మళ్లీ లేతు మిషను దగ్గరికి నడిచినవాణ్ణి నేను. నిజానికి విసిరేసిందేమీ లేదు. పాయిఖానా గదిలో తడిచేత్తో వాష్‌బేసిన్ పక్కనున్న స్విచ్ ముట్టుకుంటే వేళ్లు జిల్లుమన్నాయి. నేను పెట్టిన కేకకే అందరూ పరుగెత్తుకొచ్చారు.

అందరికంటే ముందొచ్చింది మా వైర్‌మన్. ఎవరు ఎదురైనా ఆయన నమస్తేకు బదులు "చేతులు తుడుస్కున్నవా?" అనేవాడు. అన్నం తినబోయేవాణ్ణి కూడా వదిలేవాడు కాదు. ఆ రోజే, మేనేజరును అడక్కుండా, స్విచ్ పీకి తలుపు బయటి గోడకు బిగించాడు.

ఇంకేం, లోపల మనిషుండగా బయటినుంచి లైటార్పడం మాకు ఆటయింది. వారం తిరక్కుండా మేనేజరే చీకట్లో చిక్కాడు. ఎవరార్పారో తెలియదు. తడుముకుంటూ బయటికొచ్చి వైర్‌మన్ మీద విరుచుకుపడ్డాడు.

"స్విచ్ మళ్ల లోపల పెట్టు. లేకుంటే రేపట్నించి పనికి రాకు!"

"చీకట్ల ఉన్నరు గని సార్, పానంతోని బయటికొచ్చిన్రు గద. జెర చేతులు తుడుస్కోండ్రి."

మేనేజరు చేతులు చూసుకున్నాడు. నీళ్లు కారుతున్నాయి. ప్యాంటుకు తుడుచుకుని వెళ్లిపోయాడు. స్విచ్ బయటే ఉండిపోయింది.

ఇదంతా రాసి, అప్పట్లో నా పక్క లేతు మీద పనిచేసిన ఇస్నాపూర్ దోస్తుకు చదివి వినిపించాను.

"ఎవరార్పిన్రో తెల్వదా? ఆర్పింది నువ్వే గదరా! వైర్‌మన్ నిన్ను సూసిండు. నౌకరి పోయేటట్టున్నా నీ పేరు చెప్పలే."