రెండు హెడ్‌ఫోన్లకు ఒకటే గుబ్బ

హెడ్‌ఫోన్ తీసినప్పుడల్లా చెవుల చుట్టూ నల్లటి పొడి అంటుకుంటోంది. దాని మెత్తటి తొడుగు పాతబడి రాలిపోతోంది. ఈ ఉదయం కూడా కంప్యూటరు పక్కనున్న చిన్న రేకు పెట్టెకు దాన్ని తగిలించి గుబ్బ తిప్పాను. టిక్కుమని, చెవుల్లో సన్నగా గాలి కదిలినట్టయింది. పాట మొదలయ్యేలోపు వచ్చే ఆ కాస్త ఖాళీలో నాకు రుక్మిణమ్మ గుర్తొస్తుంది. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైన ఈ పెట్టె ఆమెదే. కంప్యూటరు నుంచి నీరసంగా వచ్చే శబ్దానికి బలమిచ్చి హెడ్‌ఫోన్లకు పంపడం దీని పని. ఇద్దరు వినడానికి రెండు రంధ్రాలున్నాయి. శబ్దం పెంచే గుబ్బ మాత్రం ఒకటే.

కదిరి బస్టాండు దగ్గర రుక్మిణమ్మకు క్యాసెట్ల రికార్డింగు అంగడి ఉండేది. భర్త పోయాక తనే గల్లాపెట్టె ముందు కూర్చుంది. ఆమె పుట్టిల్లు కళ్యాణదుర్గం. ఒకప్పుడు ఆమె తండ్రి కంబదూరు వచ్చి మా తాత చేలల్లో పండిన వేరుశెనగ బుడ్డలు కొనుక్కుపోయేవాడట. నేను ఆమెను చూసేనాటికి ఆ చేలు లేవు, ఆ ఇల్లూ లేదు. వానలు రాక, వేసిన బోర్లలో నీళ్లు పడక, ఒక్కొక్కటే పోయాయి. ఆఖరికి జీపు కూడా అమ్మి, మమ్మల్ని ఎరిగినవాళ్లు తక్కువని కదిరికి వచ్చి అద్దె ఇంట్లో దిగాం. జీపు ఏమైందని ఎవరడిగినా నాయన ఒకటే మాట చెప్పేవాడు, రిపేరుకు షెడ్డుకిచ్చినామని. ఇస్త్రీ పంచె కట్టుకుని, బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ప్రయాణం చేసేవాడు. జీపు లేక ఈ ఒక్క పూటకే బస్సెక్కినట్టు ఉండేది ఆ నిలబడడం. ఆ వెన్నెముకే నాకూ వచ్చింది.

సీడీలు వచ్చిన కొత్తలో జనం పాత క్యాసెట్లను సీడీల్లోకి ఎక్కించమని ఆమె అంగడికి రావడం మొదలుపెట్టారు. ఆమె దగ్గర కంప్యూటరు లేదు. నా దగ్గర అది తప్ప మరేమీ లేదు. ఒక మధ్యాహ్నం వెళ్లి ఆమె ముందు నిలబడ్డాను. నాకు కంప్యూటరు ఉందని, తీరిక కూడా ఉందని చెప్పాను తప్ప పని కావాలనే మాట నోటికి రాలేదు. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

“పనికోసం వచ్చినావా, పరామర్శకు వచ్చినావా? అట్ల నిటారుగా నిలబడుకుంటే నేనేమనుకోవాలప్పా?”

మరునాటినుంచి ఎండ ముదిరే వేళకు అంగడి మూసి మా ఇంటికి వచ్చేది. తాతదంటూ మిగిలిన ఒకే ఒక్క వస్తువైన టేకు బల్ల మీద కంప్యూటరు ఉండేది. ఆమెకొక నియమం. ఏ రికార్డింగునైనా మొదటినుంచి చివరిదాకా తాను వినందే గిరాకీ చేతికి ఇచ్చేది కాదు. పెళ్లి పాటలైనా భజనైనా అంతే. ఇంకొకరు విన్నారంటే ఒప్పుకునేది కాదు. తన చెవి మీదే అంగడి నడుస్తోందని అనేది. కంప్యూటరు శబ్దం చాలక బెంగుళూరు నుంచి ఈ పెట్టె తెప్పించింది. ఒక హెడ్‌ఫోన్ ఆమెకు, ఒకటి నాకు. గుబ్బ ఆమె చేతిలో.

గుబ్బ మెల్లమెల్లగా పైకి పోతోందని నాకు తెలిసింది నా చెవుల వల్లే. మొదట కొంచెం ఎక్కువనిపించేది. తరువాత నొప్పి పుట్టేది. చెమట పోస్తోందని చెప్పి హెడ్‌ఫోన్ మెడలోకి జార్చుకునేవాణ్ణి. ఎందుకు పెంచుతోందని నేనడగలేదు. పోయినదాన్ని గురించి మాట్లాడకపోవడమే మా ఇంట్లో మర్యాద. ఆమెకూ ఆ మర్యాదే ఇచ్చాను.

అప్పుడొచ్చాడు గంగన్న. తనకల్లు అవతలి పల్లెలో గొర్లు కాసుకునేవాడు. తండ్రి పాడిన తత్వాల క్యాసెట్టు తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. మిగిలింది ఆ టేపొక్కటే, అదీ అరిగిపోతోంది. సాయంత్రం బస్సుకే పోవాలని అతనంటే, రుక్మిణమ్మ అతణ్ణి మా ఇంటికే వెంటబెట్టుకొచ్చింది. ఎంత చెప్పినా లోపలికి రాక గడప దగ్గరే కూర్చున్నాడు.

పాటకు ముందు చాలాసేపు ఉట్టి బుసే ఉంది.

“మొదట్లో ఏమీ లేదు. పాట మొదలయ్యేకాడికి కోసెయ్,” అంది రుక్మిణమ్మ.

ఆ బుస వెనకాల నాకొక మాట వినపడింది. పల్లెలో టేపురికార్డరులో వేసుకుంటే వినపడనంత సన్నగా ఉంది. ఎవరో ఆడమనిషి గొంతు ఉందని ఆమెకు చెప్పాను. ఆమె నా ముఖం చూసి, మళ్లీ మొదటినుంచి పెట్టించి, గుబ్బను ఆఖరుదాకా తిప్పింది. నేను మెడలోకి జార్చుకున్న హెడ్‌ఫోన్ లోంచి ఆ గొంతు గదిలోకి వచ్చేసింది.

“మేకపిల్లను అవతల కట్టేసి రారా గంగా, మీ నాయన పాడతాండాడు.”

గడప దగ్గర గంగన్న లేచి నిలబడ్డాడు. హెడ్‌ఫోన్ చెవులకే ఉన్న రుక్మిణమ్మ మాత్రం ఇంకా ఆ మాట కోసం ఎదురుచూస్తూనే ఉంది. తల తిప్పి గంగన్న ముఖం చూసినప్పుడు ఆమెకు అర్థమైంది.

నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. మా ఇంట్లో ఇటువంటి మాటలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి.

“పెట్టెలో బ్యాటరీ అయిపోయినట్టుండాదమ్మా,” అన్నాను.

ఆమె నా పెదవుల వంకే చూస్తూ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

“బ్యాటరీ బాగుండాదిలేప్పా. నా చెవులే పోయినాయి.” తరువాత గంగన్న వైపు తిరిగింది. “మీ అమ్మ గొంతును నేను కోసెయ్యమంటి. ఈయప్ప ఇన్నాడు కాబట్టి మిగిలింది. ఇంకమీదట ఈయప్ప ఇన్నాకనే ఏదైనా బయటికి ఇచ్చేది.”

ఆమె గొంతు తగ్గలేదు. చూపు దించలేదు. కూర్చున్నది కూర్చున్నట్టే, నాయన బస్సులో నిలబడినంత నిటారుగా ఉంది.

గంగన్న బల్ల దగ్గరికి వచ్చాడు. అతని చెవులకు నేనే హెడ్‌ఫోన్ పెట్టి, గుబ్బ తగ్గించి, మళ్లీ మొదటినుంచి వినిపించాను. అతను కళ్లు మూసుకుని విన్నాడు. ఆ మాట రాగానే, పక్కనున్నవాళ్లకు చెప్పినట్టు కాకుండా, మెల్లగా అన్నాడు.

“కట్టేసినాలేమ్మా.”

ఆ తరువాత అంగడికి వచ్చిన ప్రతివాళ్లకూ రుక్మిణమ్మ తనకు వినపడదని తానే చెప్పేది. కొందరు వేరే అంగడికి పోయారు. పోతారని తెలిసే చెప్పింది. ఇంకొన్నేళ్లకు పాటలు ఫోన్లలోకి వచ్చి, అంగడి దానంతటదే మూతపడింది. చివరిరోజు ఈ పెట్టె నా చేతిలో పెట్టి, తనకింక దీంతో పనిలేదంది. ఆమె పోయి చాలాకాలమైంది. నాయన కూడా పోయాడు. ఆయన పోయేదాకా మా జీపు షెడ్డులోనే ఉంది.

ఇప్పుడు గుబ్బ నా చేతిలోనూ పైకి పోతోంది. మొన్న నా కూతురు వాకిట్లోంచి ఏదో అడిగింది. విన్నట్టే తలూపబోయాను. ఆ అలవాటు నా మెడలో ఇంకా ఉంది. ఆగి, హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను.

“నాకు సరిగా ఇనపడ్డంలేదమ్మా. ఇంకోసారి చెప్పు.”

నిటారుగా కూర్చునే అన్నాను.