దసరా నాడు ఆగిన సర్దారు గడియారం

నిన్న ఇక్కడ ఫిజీ దీవుల్లో, లబాసా బజారులో కొట్టువాడు పసుపు పొట్లం విప్పగానే ఆ వాసన ముక్కుకు తగిలి, బేరం మధ్యలో నా మాట ఆగిపోయింది. నా నోరు ఆగడం ఎన్నడూ చూడనివాడు, హడలిపోయాడు పాపం. నాకు మాత్రం సూరమ్మ పెద్దమ్మ కళ్ల ముందు నిలబడింది. మాకు రక్తసంబంధం లేదు. గిర్మిట్ అనే కూలి ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసి ఒకే ఓడలో వచ్చాం, చెరకు తోట కూలీల ఇళ్ల వరుసల్లో, అదే లైన్లలో, పక్కపక్క గదుల్లో పడ్డాం. ఆమె చీకాకుళం వైపు మనిషి. పిడికెడంత ఉండేది కాని, గొంతు విప్పిందంటే చక్కెర మిల్లు కూత చిన్నబోయేది.

అప్పుడు నాకు నాలుగు నెలల కొడుకు. అందుకని సర్దారు నన్ను చెరకు నరకడానికి పంపకుండా పిల్లల పాకలో పెట్టాడు. తల్లులు పొలానికి పోతే వాళ్ల బిడ్డలతో పాటు నా బిడ్డనూ చూసుకునేదాన్ని. ఆ సర్దారు తెలుగువాడే. దొర కింద మమ్మల్ని పనికి తోలే అధికారం దక్కాక తెలుగు సగం మింగేశాడు. ఆ ఏడు దసరా ఆదివారం పడింది. లైన్ల వాకిట్లో చెరకు కత్తులూ పారలూ వరుసగా పెట్టి పసుపు కుంకుమలు అద్దుతుంటే అతనూ మెత్తబడ్డాడు. జేబు గడియారం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“దీనికి కూడా పూజ చెయ్. జాగ్రత్త, నా పని మొత్తం ఈ ఘడీ మీదే చల్తా హై. శామ్‌కు వచ్చి తీసుకుంటా.”

పూజంటే నాకు ఒళ్లు తెలియదు. కత్తుల పిడులకు కట్టినట్టే గడియారానికీ పసుపు తోరం కట్టాను. వెనక మూత కాస్త లేచి కనిపిస్తే బొటనవేలితో నొక్కాను. టక్కున పడింది. పడుతూ పడుతూ తోరం కొసను లోపల కరిచేసుకుంది. చెవి దగ్గర పెట్టుకుంటే చప్పుడు లేదు. సర్దారు సంగతి తెలుసు, మర్నాడే నా చేతికి కత్తిచ్చి చెరకులోకి తోలతాడు. నా చంటాడు పొద్దంతా పాలకేడుస్తూ పడి ఉంటాడు. ముందటేడు పక్క లైనులో ఒక బిడ్డ అలాగే పోయింది. ఆ తల్లి ఏడుపు నా చెవుల్లో ఇంకా ఉంది.

దారం పట్టి లాగాను, తెగింది. కొస లోపలే ఉండిపోయింది. మూత లేపుదామని చెరకు కత్తి అందుకున్నాను. వెనక నుంచి పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది.

“ఏటే, గెడియారం కోసి పులుసెడతావేటి? కత్తి అక్కడెట్టు.”

“పెద్దమ్మా, నువ్వు తియ్యవే. నాకు భయంగా ఉంది.”

“నానెప్పుడైనా గెడియారం ముట్టానేటి? నువ్వే తియ్యి. నాను తీస్తే బయం నీకాడే ఉండిపోద్ది.”

ఆమెకు తెలిసిందల్లా గుల్లలు తెరవడం. ఏటిలో ఆడవాళ్లం ఏరుకొచ్చే కై అనే గుల్లలను ఒక్కటీ పగలకుండా తెరిచేది. “మూసినోడు తెరిసే సోటు ఒగ్గకుండా ముయ్యడే. ఎతుకు,” అంది. చేతులు కడిగించి, తడి లేకుండా తుడిపించింది. చేటలో ఉతికిన గుడ్డ మడతపెట్టి పరిచి గడియారాన్ని దాని మీద బోర్లా పెట్టించింది, ఏది రాలినా చేట దాటిపోకుండా. గుమ్మంలో వెలుగుకు కూర్చోబెట్టి గాలికి తన కొంగు అడ్డం పట్టింది. నేను అంచు చుట్టూ తడుముతూ వచ్చాను. ఒకచోట కీలు తగిలింది. దానికి సరిగ్గా ఎదురుగా, గోరు పట్టేంత చిన్న పెదవి ఉంది. లేపబోతే నా గోరే విరిగింది. అప్పుడు ఆమె వెదురు పుల్ల కొసను పలచగా, మొన లేకుండా చెక్కి ఇచ్చింది.

“పొడవకు. దూర్చి మెల్లగా తిప్పు. జారితే నీ సేతికి తగలకుండా సూసుకో. పుల్ల ఇరిగితే ఇరగనీ, ఎదురుకి కరువా?”

మొదటిది విరిగింది. రెండోదీ విరిగింది. మూడోది తిప్పగానే మూత ఠప్పున లేచింది.

లోపల ఎన్ని చక్రాలో! ఆశగా వేలు పెట్టబోతే పెద్దమ్మ చేతి మీద ఒక్కటేసింది. “నీకు కావాల్సింది దారం. దారం తియ్యి, సాలు.” ఊపిరి కూడా పక్కకు తిరిగి వదలమంది. అటూ ఇటూ ఊగాల్సిన చక్రానికి అడ్డంగా పసుపు పోగు పడి ఉంది. పెద్దమ్మ అందించిన నిమ్మచెట్టు ముల్లును దాని కింద పోనిచ్చి మెల్లగా పైకెత్తాను. చక్రం ఒకసారి జంకింది, ఆ వెంటనే ఊగింది. టిక్ టిక్ టిక్! “ఓలమ్మో, బతికిందే!” అని పెద్దమ్మ పెట్టిన కేకకు లైన్లన్నీ కదిలొచ్చాయి. నా జన్మలో అంత సంతోషం అంతకు ముందు ఎరగను. ఇంకే పోగూ లేదని రెండుసార్లు చూసుకుని మూత నొక్కాను.

సాయంత్రం సర్దారు వచ్చి గడియారం చూసి మొహం చిట్లించాడు. “ఘడీ వెనకబడింది. ఎవరు ముట్టారు?”

పెద్దమ్మ నా వీపులో వేలితో పొడిచింది. “సెప్పే. తెరిసినదానివి నువ్వే కదేటి.”

చెప్పాను. తోరం ఇరికించిందీ నేనే, తెరిచిందీ నేనే, నడిపించిందీ నేనే అన్నాను. నమ్మకపోతే చూడమని అతని ముందే మళ్లీ తెరిచి చూపించాను, ఈసారి ఒక్క పుల్లతోనే. సర్దారు నోటి వెంట చాన్నాళ్లకు నిండైన తెలుగు వచ్చింది. “నీ తెలివి తగలెయ్య! ఇన్నేళ్లుగా దాని మూత తియ్యడానికి నాకే ధైర్యం చాల్లేదే!” గడియారం ముల్లు సరిచేసుకుని, జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు నేను పిల్లల పాకలోనే ఉన్నాను, ఒళ్లో నా కొడుకు కడుపునిండా పాలు తాగుతూ. ఆనాటి నుంచి లైన్లలో నా పేరు గడియారమ్మ. అందరికంటే పెద్దమ్మే ఎక్కువగా ఆ పేరుతో పిలిచి మురిసిపోయేది.

గిర్మిట్ తీరాక ఆమె మా ఇంట్లోనే ఉంది, మా చేతుల మీదే పోయింది. బిగుసుకున్న డబ్బా కానీ, తాళం పడ్డ పెట్టె కానీ, కసిరే ఆఫీసు గుమాస్తా కానీ, ఇప్పటికీ ఏది ఎదురైనా ముందు నా గోరు అంచు వెతుకుతుంది. భయం రాదా అంటే, వస్తుంది. అది వచ్చేసరికి మూత తెరిచి ఉంటుంది.