ఎలీశమ్మ అత్త ఫిన్నిష్ గడియారం

చనిపోయిన రోజు పొద్దున కూడా మా మేనత్త ఎలీశమ్మ చంపాపేట్‌లో ఇడ్లీ బండి మట్టయ్యకు ఫిన్నిష్ భాషలో టైం చెప్పింది. అతను అడగలేదు. ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"పువోలి యుహ్దెక్సాన్ అయింది మట్టయ్యా."

"అంటే ఎంతమ్మా?"

"సగం తొమ్మిది."

"నాలుగున్నరనా!"

"ఎనిమిదిన్నర. గా దేశంల ఒచ్చే గంటకు ముందే అడ్వాన్స్ కట్టాలె."

ఆ మధ్యాహ్నం ఆమె గుండె ఆగింది. అంతకుముందు ఆమెకున్న జబ్బు ఈ టైం చెప్పడం ఒక్కటే.

జబ్బు అంటుకున్నది పక్కింటి యాకోబు కూతురు సాధన వల్ల. సాధన నర్సు. ఫిన్లాండ్‌లో ముసలివాళ్ళను చూసుకునే నౌకరి దొరికింది గానీ, భాష పరీక్ష పాసైతేనే ఖాయం. కోచింగ్ దిల్‌సుఖ్‌నగర్‌లో. మహా బిడియస్తురాలు, ఒక్కతే పోనంది. "నేనొస్త పా" అని మా అత్త బయల్దేరింది. తోడు వెళ్ళినవాళ్ళు బయట కూర్చుంటారు. ఈమె ఫీజు కట్టి, సాధనను పక్కన పెట్టుకుని ముందు బెంచీలో కూర్చుంది. అప్పటికి ఆమెకు తెలిసిన విదేశాలన్నీ బైబిల్లోవే.

ఒక వానరోజు గొడుగు తీసుకుని వెళ్ళి క్లాసు గుమ్మంలో నిలబడ్డాను. గోదావరి వైపు నుంచి వచ్చిన సాయినాథ్ సార్ బొమ్మ గడియారం ముళ్ళు రెండున్నరకు తిప్పాడు. మా అత్త లేచింది.

"పువోలి కాక్సి!"

"అది ఒకటిన్నరండీ అమ్మా. నిన్నా ఇదే చెప్పారు, మొన్నా ఇదే చెప్పారు."

"జర మల్ల చెప్పుండ్రి సార్. మొదటి నుంచి. మెల్లగ."

క్లాసంతా బల్లలు చరిచి నవ్వింది. సాధన తల దించుకుంది. సార్ చెమట తుడుచుకుని ఒంటిగంట నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.

చివరికి యాకోబే మా ఇంటికొచ్చాడు.

"అక్కా, క్లాసంత నీ గడియారంకే సరిపోతున్నదంట. పరీక్ష తప్పితే నా బిడ్డ నౌకరి పోతది."

"పోదు తమ్మీ. చాయ్ తాగు."

"నువ్వు బంజేయ్ అక్కా!"

"ఇంకా రాలె కద. ఎట్ల బంజేస్త?"

తెల్లారి మళ్ళీ షేర్ ఆటో ఎక్కింది.

సాధన పాసై వెళ్ళిపోయింది. మా అత్తను పక్కన పెట్టుకుని కూడా పాసైందంటే పిల్ల ఎంత గట్టిదో అని గల్లీ అంతా మెచ్చుకుంది. ఆ మెచ్చుకోళ్ళకు అందరికంటే గట్టిగా తలూపింది మా అత్తే.

సమాధి చేసిన మర్నాడు సాధన వీడియో కాల్ చేసి ఒకటే ఏడుపు. కాస్త నవ్వించుదామని, "నీ క్లాసంతా పాడుచేసింది కదమ్మా" అన్నాను.

ఏడుపు ఆగింది. కోపం వచ్చింది.

"ఎవరన్నరు అన్నా? అత్తమ్మకు మొదటి వారమే ఒచ్చేసింది. రానిది నాకు. ఒకసారి లేచి అడిగితే అందరు నవ్విండ్రు, ఇగ నాకు నోరు లేవలె. 'సమజ్ కాకుంటే నా కాలు తొక్కు, నేను లేస్త' అన్నది అత్తమ్మ."

"తొక్కినవా?"

సాధన ముక్కు చీదుకుంది.

"తొక్కి తొక్కి రెండు జతల చెప్పులు తెంపిన."