డోలు గొంతు

బస్ స్టేషన్లో ఏడో ప్లాట్‌ఫారం చివర, మూతపడిన టికెట్ కిటికీ పక్కన ఒక ఇరుకు గది ఉంది. తలుపు మీద ‘పోగొట్టుకున్న వస్తువులు’ అని బోర్డు. ఆ గదిలో ముప్పై ఒక్క ఏళ్ళుగా కూర్చున్న మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతం కాగితంలో ఉండేది గానీ, డ్రైవర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరికీ ఆయన గుర్తులాయన. సంచి పోయిందని వచ్చినా, గొడుగు పోయిందని వచ్చినా ఆయన నోట మొదట వచ్చే మాట ఒక్కటే.

“గుర్తు చెప్పండి.”

రంగు చెబితే చాలదు. కొలతలు చెబితే అసలు చాలదు. సొంతదారుకి తప్ప మరొకరికి తెలియనిదేదో చెప్పాలి. గొడుగు పిడి మీద పంటిగాటు, కళ్ళజోడు కుడి కాడకి చుట్టిన నీలం దారం, సంచి లోపలి జేబులో అతుక్కుపోయిన దగ్గు బిళ్ళ. అది చెప్పగానే ఆయన మొహం విప్పారేది. చాలాకాలానికి కనబడిన చుట్టాన్ని లోపలికి పిలిచినట్టు, “అదీ! రండి, తీసుకెళ్ళండి” అనేవాడు.

ఇందుకోసం ఒక పెద్ద రిజిస్టరు పెట్టుకున్నాడు. వస్తువు గది గడప దాటగానే, అది ఆ క్షణాన ఎలా ఉందో అలాగే రాసేవాడు. రాయడం అయిపోయాక రెండో పని మొదలయ్యేది. తెగిన పట్టీ కుట్టడం, విరిగిన గొడుగు పుల్లకి కట్టు కట్టడం, తుప్పు గీకడం. మన గడప తొక్కిన వస్తువు వచ్చినప్పటికంటే బాగుండి పోవాలన్నది ఆయన పట్టుదల. బట్టలైతే ఇంటికి పట్టుకెళ్ళి భార్య చేత ఉతికించేవాడు.

“అందరి మొగుళ్ళూ ఇంటికి జీతం తెస్తారు. మా ఆయన జీతంతో పాటు ఊరందరి మాసిన బట్టలూ తెస్తారు” అనేది ఆవిడ. అంటూనే ఉతికేది.

ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. కుట్టుమిషను వాళ్ళమ్మది. పెళ్ళయిన కొత్తలో అది తొక్కిన ప్రతిసారీ టకటకమని మోగేది. గుర్తులాయన దాన్ని ఊడదీసి, అరిగిన చోట తోలుముక్క పెట్టి, స్క్రూలు బిగించి, వారం తిరక్కుండా ఆ చప్పుడు మాన్పించాడు. అప్పట్నుంచీ ఆదివారం పొద్దున్న దానికి నూనె వేయకుండా ఆయన టీ ముట్టుకున్నది లేదు.

ఆయన రిటైరయ్యే నెలలోనే ఊరికి ఫుట్‌బాల్ వచ్చిపడింది. మూడు వారాల పాటు పోటీలు. ఎక్కడెక్కడి దేశాల జనమో వరదలా దిగారు. పొద్దున ఎర్రగా ఉన్న వీధి మధ్యాహ్నానికి పసుపయ్యేది, సాయంత్రానికి చారల చొక్కాలతో నిండేది. మంగలి షాపులో గడ్డాలు గీసే చేతులే బుగ్గల మీద జెండాలు వేశాయి. బస్సుల్లో నిలబడ్డవాళ్ళు పాడితే కూర్చున్నవాళ్ళు ఎగిరారు. ఎగిరినప్పుడల్లా వాళ్ళ ఒంటి మీదనుంచి ఏదో ఒకటి రాలిపడి సాయంత్రానికి గుర్తులాయన గదికి చేరింది. నూట నలభై పసుపు మఫ్లర్లు, ఒంటి బూట్లు, బాకాలు, అట్టముక్కలతో చేసిన మనిషెత్తు ట్రోఫీ, నవ్వుతున్నట్టే ఉన్న ఒక కట్టుడు పళ్ళ సెట్టు.

ఆయన కూతురు అదే స్టేషన్లో విచారణ కిటికీ దగ్గర పనిచేసేది. మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని తండ్రి గదిలో తినేది.

“అన్నీ ఒకే మఫ్లర్లు కదా నాన్నా! వీటికి గుర్తులేం రాస్తావు?”

“ఒకే మఫ్లర్లేమిటి తల్లీ? ఇదిగో, దీన్ని ఎడమచేతి వాటం మనిషి ముడేశాడు. ఇది కట్టుకున్నావిడ అంచు నములుతుంది.”

“పళ్ళ సెట్టు నీ దగ్గరే ఉందిగా, ఏం పెట్టి నములుతుంది?” అంది కూతురు. తండ్రి నవ్వి ఆ మఫ్లరు తీసి కూతురి మెడకి చుట్టబోయాడు. ఆ పిల్ల కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క వస్తువూ తప్పు చేతికి పోలేదు. ఇది నాది కాదని తిరిగొచ్చిన మనిషీ లేడు. ఇంకో పదకొండు రోజులు గడిస్తే ఆ మాట ఎప్పటికీ అలాగే నిలిచిపోతుంది. పైకి అనేవాడు కాదు గానీ, ఆయనకి ఉన్న ఆస్తల్లా అదే.

మంగళవారం నాడు విమానాశ్రయం బస్సు వెనక సీటులోంచి ఒక డోలు వచ్చింది. పెద్దది, పాతది, రెండు పక్కలా చర్మం, చుట్టూ తాళ్ళు. కొట్టి చూసి, నొక్కి చూసి, ఉన్నదున్నట్టు రిజిస్టరులో ఎక్కించాడు. ముఖం వదులైపోయింది. తాళ్ళు జారాయి. చర్మానికీ తాళ్ళకీ మధ్య ఎవరో మురికి ఉన్ని గుడ్డ కుక్కారు. ఇంత మంచి డోలుని ఇలా పాడుపెట్టుకుంటారా అని ఆయన ప్రాణం ఉసూరుమంది. గుడ్డ లాగి పక్కన పెట్టాడు. రెండు రోజులు కూర్చుని తాళ్ళన్నీ విప్పి, సాపు చేసి, ఒక్కొక్కటే బిగించాడు. చెక్కకి నూనె పట్టించాడు. బుధవారం సాయంత్రం వేలితో కొడితే ఖంగుమంది. గది అంతా మోగింది. పక్క ప్లాట్‌ఫారం డ్రైవరు తొంగిచూసి, “గుర్తులాయనా, పెళ్ళి ఎవరిది?” అన్నాడు.

గురువారం పొద్దున పదింటికి డోలు మనిషి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, పసుపు జెర్సీ, బరువులెత్తిన భుజాలు, నిద్రలేని కళ్ళు. సాయంత్రం ఆరింటికి వాళ్ళ ఆట. గుర్తులాయన కూతురు, విచారణ కిటికీ కోసమని ఆఫీసువాళ్ళిచ్చిన భాషలు మార్చే ఫోను పట్టుకుని వెంట వచ్చింది. ఆ ఫోను ఏ భాషనైనా పాతకాలపు పంతులమ్మ తెలుగులోకి మార్చేది.

“గుర్తు చెప్పమనమ్మా” అన్నాడు గుర్తులాయన.

ఆవిడ రంగు చెప్పలేదు, కొలత చెప్పలేదు. గొంతు చూపించి ఏదో అంది. ఫోను పలికింది: “దాని ధ్వనియే దాని గుర్తు. తడిసిన పరుపును కర్రతో కొట్టినట్లు ఉండును.”

గుర్తులాయన రిజిస్టరు తెరిచి చూసుకున్నాడు. తన చేతి రాతలో అదే ఉంది: ‘మోత – తడి పరుపు మీద కర్ర దెబ్బ.’ ఇన్నేళ్ళలో ఇంత సరిగ్గా గుర్తు కలిసింది లేదు. సంబరంగా లోపలికి వెళ్ళి, నిగనిగలాడుతున్న డోలుని రెండు చేతులా ఎత్తుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

ఆవిడ దాన్ని కావలించుకుంది. జేబులోంచి కర్ర తీసి ఒక్క దెబ్బ కొట్టింది.

ఖంగుమంది.

ఇంకోటి కొట్టింది. అదే మోత. ఆవిడ కర్ర కిందికి దించి, బెంచీ మీద మెల్లిగా కూర్చుంది.

ఆవిడ చెప్పింది ఫోనులో విని, కూతురు ఆ పంతులమ్మ తెలుగు పక్కన పెట్టి తన మాటల్లోనే చెప్పింది. “వాళ్ళ నాన్న నలభై ఏళ్ళు వాయించాడట నాన్నా. కావాలనే వదులు చేసి, గుడ్డ పెట్టుకున్నాడట. ఈ డోలు కొడితేనే వాళ్ళ పాట మొదలవుతుందట. మూడు వందల మంది. అందరూ పెద్దవాళ్ళే. దీని గొంతు పట్టుకునే పాట ఎత్తుకుంటారట. ఇప్పుడు ఇంత పై శ్రుతిలో ఎత్తుకుంటే ఎవరికీ అందదట.”

“నన్ను తిట్టిందా?”

“లేదు. చాలా శ్రద్ధగా బాగుచేశారు, థాంక్స్ అంటోంది.”

తిట్టినా బాగుండేది. వస్తువు సరైన చేతికే వెళ్ళింది. వెళ్ళిన వస్తువు మాత్రం ఆవిడ పోగొట్టుకున్నది కాదు.

ఆవిడ లేచి డోలు భుజానికి తగిలించుకోబోయింది. గుర్తులాయన అడ్డం వచ్చి నిలబడ్డాడు. “ఒక్క నిమిషం ఆగమను తల్లీ. ఇది ఎలా వచ్చిందో నా దగ్గర రాసి ఉంది.”

రిజిస్టరు పైకి చదివాడు. ‘ఎడమ ముఖం వదులు. బొటనవేలితో నొక్కితే గోరు మునిగేంత లోపలికి పోవును. మూడో తాడు, ఏడో తాడు జారినవి. ఏడోది వేలెడు ఎక్కువ.’ చదువుతూ ఒక్కొక్క తాడే వదులు చేశాడు. ఎంతో మురిపెంగా వేసిన ముళ్ళు తన చేత్తోనే విప్పాడు. ఆవిడ ఎదురుగా కూర్చుని బొటనవేలితో నొక్కి చూసి, ఇంకొంచెం, ఇంకొంచెం అని తల ఊపింది. ఏడో తాడు దగ్గర గోరు మునిగింది. కొట్టింది. మోత దిగింది గానీ, చివర్న ఇంకా చిన్న గంట మోగినట్టుంది.

“గుడ్డ” అన్నాడు గుర్తులాయన. వెంటనే నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ గుడ్డ డోలుది కాదనుకుని, వేరే నంబరు వేసి, ఉతకమని ముందురోజే ఇంటికి పట్టుకెళ్ళి ఇచ్చేశాడు.

ఫోను తీసి భార్యకి చేశాడు.

“బూడిదరంగు ఉన్ని గుడ్డ… నాలుగు మడతలది…”

“ఆ ఎలక గూడా? సబ్బునీళ్ళలో ఉంది.”

“పిండెయ్యి. ఉన్నదున్నట్టు పట్టుకుని బయల్దేరు.”

“వంట పొయ్యి మీదుందండీ!”

“ఆపేసి రా. నా పరువు నీ బకెట్లో ఉందే.”

ముప్పై ఏళ్ళలో ఆయన పరువు మాట ఎత్తడం ఆవిడ వినలేదు. “వస్తున్నా” అంది.

అరగంట దారి. ఆ రోజు బస్సులు కదిలితేనా! జనం వీధి కట్టేశారు. సగం దారిలో దిగి, పసుపు చొక్కాల మధ్య పడి నడిచింది. ఒంటి గంటకి గది గుమ్మంలో తేలేసరికి బుగ్గ మీద ఎవరో పసుపు గీత కూడా వేసేశారు. చేతిలో కవరు, కవర్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

“ఇదిగోండి మీ పరువు” అంది ఆయాసపడుతూ.

డోలు ఆవిడ ఆ గుడ్డ చూసి కెవ్వుమంది. తడి గుడ్డనే బుగ్గకి ఆనించుకుంది. తాళ్ళ కిందికి దూర్చి కొట్టింది. బరువుగా, బొంగురుగా, నేలలోంచి వచ్చినట్టు ఒక మోత. ఆవిడ అరచెయ్యి అటూ ఇటూ ఊపింది. ఇంచుమించు.

“ఎండితే వచ్చేస్తుంది. ఆరింటికి ఇంకా చాలా టైముంది, ఎండలో పట్టుకుని నడవమను” అంది భార్య. ఫోను దాన్ని ఏమని మార్చిందో గానీ, డోలు ఆవిడ ఆమెను కావలించుకుని పైకెత్తేసింది.

సాయంత్రం డ్యూటీ దిగినా గుర్తులాయన ఇంటికి పోలేదు. స్టేషన్ మీది కాలినడక వంతెన ఎక్కి నిలబడ్డాడు. స్టేడియం అక్కడికి అరమైలు. భార్య పక్కనే నిలబడింది. బుగ్గ మీద గీత ఇంకా చెరుపుకోలేదు.

ఆరయింది. మొదట సముద్రంలా హోరు. తర్వాత అది సన్నగిల్లింది. ఆ సందులోంచి ఒక దెబ్బ వినిపించింది. బరువుగా, బొంగురుగా. ఇంకోటి. దాని వెనకే మూడు వందల ముసలి గొంతులు, తొణక్కుండా, కిందినుంచి మొదలై మెల్లిగా లేచాయి.

“అదేనా?” అంది భార్య.

“అదే. నేను రాసుకున్నదే” అన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “బాగుచేస్తున్నాననుకున్నానే. దాని గొంతే తీసేశాను.”

ఆవిడ రెయిలింగు మీద చేతులు పెట్టుకుని కాసేపు విన్నది.

“మిషనుకి ఈ ఆదివారం నూనె వేయకండి.”

“ఏం?”

“దాని పాత చప్పుడంటే ఇష్టం నాకు. చిన్నప్పుడు అది వింటూనే నిద్రపోయేదాన్ని. అమ్మ పక్క గదిలో ఉందని తెలిసేది.”

ఆయన ఆవిడ వైపు తిరిగాడు. “ఇన్నేళ్ళూ చెప్పొచ్చుగా!”

“ఊరందర్నీ గుర్తు చెప్పమంటారు. నన్నెప్పుడైనా అడిగారా?”

కింద ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆయన కొంచెం దగ్గరికి జరిగి, తల వంచి, ఆఫీసు గొంతుతోనే అడిగాడు.

“గుర్తు చెప్పు.”

ఆవిడ గోటితో ఇనప రెయిలింగు మీద కొట్టింది. టక్. టకటక్. టక్.

ఏ స్క్రూ ఎంత వదులు చేయాలో, ఏ తోలుముక్క తీసెయ్యాలో ఆయనకి రెండో దెబ్బకే తెలిసిపోయింది. అయినా ఇంకోసారి కొట్టమన్నాడు.